శ్రీ కింద కొడవలి

ఊరు మాది ఆమదాలవలస.
స్టేషను పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్డు.
పక్కూరి పేరు నుదుట రాసుకుని
రైళ్లకి ఎదురు నిలబడ్డ ఊరు.
ఆ రాసినవాణ్ని నేనే.

ఇరవై తొమ్మిదేళ్లు.
ప్లాట్‌ఫారం ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి,
పసుపు మీద నలుపు, మూడు భాషలు,
అడుగున సముద్రమట్టానికి ఎంత ఎత్తో ఓ అంకె.
ఆ అంకె మారిందీ లేదు,
నేను ఎదిగిందీ లేదు.

మొదటి ఏడు నిచ్చెన ఊగి
శ్రీ కింద క్రావడి తోక జారిపోయింది.
గీకేద్దామనుకునేలోపు మెయిలొచ్చింది.
ఇనస్పెక్షను బాబు కిటికీలోంచి చూశాడు,
ఏమీ అనలేదు.
రైల్వేలో ఏమీ అనకపోవడమంటే సంతకం పెట్టినట్టే.
ఆ తర్వాత ఎన్నిసార్లు రంగేసినా
ఆ తోక అలాగే ఉంచాను.
తప్పు పాతబడితే దస్తూరీ అవుతుంది.

సరుబుజ్జిలి తవిటమ్మకి అక్షరం ముక్క రాదు.
చెన్నపట్నంలో ఆర్నెల్లు ఇసక మోసి
ఊడ్పులకి ఇంటికొచ్చేది.
బండి నెమ్మదిస్తే చాలు
తలుపు దగ్గర మూట ఒళ్లో పెట్టుకుని
చీకట్లో బోర్డులు వెతుక్కునేది.
"కొడవలి అవుపిస్తే దిగిపోడమే బాబూ,"
అంది ఓసారి, నా పక్కన తేగలు బేరమాడుతూ.
"ఏ కొడవలి?"
"అదిగో, ఎవుడో మేలోడు, బోర్డు మీద ఏసినాడు."
నాను ఏసినానని సెప్పనేదు.
ఆ రాత్రి మాత్రం మా ఇంటిదానికి రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు స్టేషనుకి కొత్త మొహం.
సైటు ఇంజనీరు పిల్ల, పాలకొండ అమ్మాయి, హారతి,
నెత్తిన పసుపు టోపీ పెట్టుకుని పిలిచింది.
"తాతా, పడగొట్టేవాటికి
ఎర్ర ఇంటూ గుర్తు వెయ్యాలి.
గుర్తుకి పదిహేను రూపాయలు."

వేశాను.
టిక్కెట్ల గది కిటికీకి,
మోచేతులు రాసి రాసి గుంటపడ్డ దాని గట్టుకి కూడా.
కుళాయి దిమ్మకి.
సూర్యారావు టీకొట్టుకి వేస్తుంటే
వాడు టీ ఇచ్చి డబ్బులు వద్దన్నాడు.
అదొక్కటే నాకు చేదుగా తగిలింది.
పాత వంతెనకి వేసేటప్పుడు చెయ్యి వణకలేదు.
అబద్ధమెందుకు, నలభై ఆరు మెట్లు అవి,
లిఫ్టు వస్తుందంటే నా మోకాళ్లే ముందు దణ్ణం పెట్టాయి.

అరవై మూడో గుర్తు బోర్డుకి.
ఎర్ర డబ్బాలో అడుగంటా మిగిలుంది.
మూలకి, చిన్నగా,
కుట్టుపనివాడు లోపలి మడతలో వేసినట్టు వేశాను.
"కనపడదు తాతా," అంది హారతి.
"క్రేనుకి కనపడుద్దిలే అమ్మా."

కొత్త బోర్డు వచ్చింది. రాత్రిపూట దానంతటదే వెలుగుతుంది.
దగ్గరికెళ్లి చూశాను.
శ్రీ బాగుంది, కొలిచి పోసినట్టుంది.
వంక పెట్టడానికి వీల్లేదు.
అసలు వంకే లేదు.

పాత రేకు తుక్కు కింద కొని తెచ్చుకున్నాను,
ముక్కలు కోస్తేగాని ఆటోలో పట్టలేదు.
రోడ్డు దొడ్డి తలుపైంది.
కాకుళం పొయ్యికి గాలి అడ్డం.
శ్రీ కోళ్లగూటి కప్పు.
వానొస్తే పెట్టలన్నీ దాని కిందకే.

మొన్న తవిటమ్మ ఎదురైంది,
లిఫ్టు ముందు, లోపలికి అడుగెయ్యాలా వద్దా అని.
నిరుడు కొడవలి కనపడక
పలాస పోయి దిగిందట,
మళ్లీ పాసింజరెక్కి వెనక్కొచ్చిందట.
"ఈపాలి బండిలో మైకు సెప్పింది బాబూ,
ఆడమనిసి గొంతు, సక్కగా సెప్పింది," అంది.
మంచిదే. నేను ఏనాడూ
చీకట్లో ఆవిణ్ని పేరుపెట్టి పిలవలేదు కదా.

తలుపు మూసుకోబోతుంటే అడిగింది,
"ఆ కొడవలేటైపోనాది?"

"సానకిచ్చారు," అన్నాను.